పిల్లికూతలు మింగిన ఫిల్టర్

గోలలోంచి పనికొచ్చే శబ్దాన్ని ఏరి ఇచ్చే ఫిల్టర్ రాసినందుకు నాకు ఎం.టెక్ పట్టా ఇచ్చారు. అప్పటినుంచి ఖమ్మంలో కాలు నేలమీద ఆనకుండా తిరిగాను. ఆ పొగరుతోనే భద్రాచలం అవతల అడవిలో ఉన్న చిన్న ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. అక్కడ వీడియోకి సిగ్నల్ చాలదు. నర్సక్క రోగి ఛాతీ మీద మైకు పెడితే, భద్రాచలం దవాఖానాలో డాక్టరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటారు. మధ్యలో జనరేటర్ గోలను తీసెయ్యడం నా పని.

దానికోసం జనరేటర్ పక్కన రెండో మైకు పెట్టాలి. అందులో వినిపించేదాన్ని ఫిల్టర్ క్షణక్షణం నేర్చుకుంటూ, మొదటి మైకులోంచి తుడిచేస్తుంది. కానీ కోతులు ఆ వైరును రెండుసార్లు పీకేశాయి. మూడోసారి వాటితో తగువు పెట్టుకునే ఓపిక లేక, మైకును లోపల రోగులను పడుకోబెట్టే మంచం తలాపున కట్టేశాను. జనరేటర్ అక్కడికీ వినిపిస్తుంది కదా అనుకున్నాను. మహా తెలివి.

మర్నాడు పొద్దున ఒక కోయ తల్లి రెండేళ్ల పాపను ఎత్తుకొచ్చింది. పాప డొక్కలు ఎగరేస్తోంది. పిల్లికూతలు గుమ్మం దాకా వినిపిస్తున్నాయి. నర్సక్క పాపను మంచం మీద పడుకోబెట్టి మైకు పెట్టింది.

"ఊపిరి క్లీన్‌గానే ఉంది. సిరప్ ఇచ్చి పంపండి" అన్నారు డాక్టరు.

సిగ్గులేకుండా నేను ఆ 'క్లీన్' అన్న మాటకి మురిసిపోయాను. తల్లి మాత్రం కదలలేదు. నర్సక్క నావైపు తిరిగింది.

"తమ్మీ, గింత కూత సారుకు ఇనబడలేదంట. నీ డబ్బా ఏం చేస్తున్నది?"

"గోల తీసేస్తుందక్కా."

"పిల్ల ఊపిరి గూడ గోలేనా? బంద్ చెయ్."

అప్పుడు వెలిగింది. రెండు మైకులూ మంచం దగ్గరే ఉంటే రెంటికీ అదే కూత. ఫిల్టర్ బుద్ధిగా దాన్నీ నేర్చుకుని తుడిచేసింది. వెంటనే ఆపేశాను. జనరేటర్ గోలతో సహా విన్న డాక్టరు "జల్దీ తీసుకురండి" అన్నారు.

ఎవరూ రమ్మనకపోయినా అంబులెన్స్ ఎక్కాను. మూడు రోజులు వార్డు గుమ్మంలో కూర్చుని ఆ కూతలే విన్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం టీ తాగొచ్చేసరికి అవి వినిపించలేదు. లోపలికి పరుగెత్తాను.

తల్లి అన్నం కలుపుతోంది. "తగ్గింది సారూ" అంది.

నమ్మకం కుదరక వంగి, పాప ఛాతీకి చెవి ఆనించాను. పాప ఆ చెవి పట్టుకుని మెలిపెట్టింది. ఎంత గట్టిగా లాగితే నాకు అంత సంతోషం వేసింది.