మాధవీలత రాసిన రెండు వందల పద్నాలుగు వరుసలు

1997 సెప్టెంబరు మొదటి వారంలో ఒక ఉదయం, ఆఫీసు ప్యూను ఆకుపచ్చ ఫైలు తెచ్చి మాధవీలత టేబులు మీద పెట్టి, "సైన్ కర్ దీజియే, మేడమ్" అన్నాడు. లోపల ఒకటే కాగితం. దాని పేరు మెమో.

ఆఫీసు చిరునామాకు విదేశం నుంచి సొంత ఉత్తరం తెప్పించుకున్నందుకు ఆమెను హెచ్చరిస్తున్నామని అందులో ఉంది. ఆ తర్వాత ఇలా ఉంది: "సదరు సాఫ్ట్‌వేరు పని ఈ కార్యాలయం అప్పగించినది కాదు. కార్యాలయపు వేళల్లో గానీ, కార్యాలయపు యంత్రాల మీద గానీ జరిగినది కాదు. దానితో ఈ కార్యాలయానికి ఎలాంటి సంబంధమూ, హక్కూ, బాధ్యతా లేవు." ఏడు రోజుల్లో జవాబివ్వాలి. కింద సెక్షన్ అధికారి నాగభూషణం సంతకం, తేదీ, గుండ్రటి ముద్ర.

మాధవీలత రెండుసార్లు చదివింది. చెవులు వేడెక్కాయి. దొంగతనం చేసినవాళ్లకు ఇస్తారు ఇలాంటివి. ఆమె చేసింది ఒక తప్పును సరిదిద్దడం.

ఆమె బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే పుట్టింది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసింది. భర్త తిరుమలరావుకు లోకో షెడ్డులో ఉద్యోగం. ఆమెకు వ్యాపార్ విహార్ దాటాక ఒక అద్దె భవనంలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ సెక్షన్లో ఉద్యోగం. రెండేళ్ల ప్రొబేషన్ డిసెంబరుతో ముగుస్తుంది. అప్పుడు నాగభూషణం రాసే నాలుగు మాటల మీద ఆ ఉద్యోగం నిలవడమో పోవడమో ఉంటుంది. ఇంట్లో రెండేళ్లు నిండబోతున్న కూతురు మైత్రి, అత్తగారు అచ్చియమ్మ, మూలన ఒక పాత కంప్యూటరు. అది ఆమె తమ్ముడు అనిల్ పై చదువుకు విశాఖపట్నం పోతూ వదిలేసినది. దాంట్లో ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలోని ఉచిత సాఫ్ట్‌వేరు కూడా ఉంది.

కథంతా మైత్రి బరువుతో మొదలైంది.

మాధవీలతకు పిల్ల గురించి భయం ఎక్కువ. తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. టీకాల కార్డులో నెలనెలా రాసిన బరువులు తీసుకుని, పిల్ల ఎదుగుదల గీత గీసే చిన్న ప్రోగ్రాము రాసుకుంది. గీత ఎక్కడో వంకర పోయిందని ఆ సీడీలో వచ్చిన డీబగ్గర్ తెరిచింది. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చేది కంపైలర్ అయితే, నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి ఏ అంకె ఎంత ఉందో చూపించేది డీబగ్గర్. అది పదో నెల బరువు ఏడు కిలోల ఎనిమిది వందలని చూపించింది. పదకొండో నెలా అంతే. నెలంతా పిల్ల ఒక్క గ్రాము పెరగలేదు!

కార్డు కోసం వెతికితే ఆ క్షణాన దొరకలేదు. పిల్లను చంకనేసుకుని తోర్వా బజారులో బియ్యం కొట్టుకు పరిగెత్తి, కాటా మీద కూర్చోబెట్టింది. ఎనిమిది కిలోల వంద. "ఇసే భీ బేచ్‌నా హై క్యా, బహూ?" అని, పిల్లను కూడా అమ్ముతావా అన్నట్టు కొట్టు ముసలాయన నవ్వాడు.

ఇంటికొచ్చాక ఆమెకు ఉపశమనం కంటే కోపం ఎక్కువ వచ్చింది. ప్రోగ్రాములో అంకె సరిగానే ఉంది. చూపించేదే తప్పు చూపించింది. కాలేజీ ల్యాబులో స్క్రూగేజి పట్టుకున్న రోజు నుంచీ ఆమెకు ఒకటే నమ్మకం. కొలిచే పరికరం అబద్ధం చెప్పకూడదు. పరికరమే అబద్ధం చెబితే ఇంక మనిషి దేన్ని పట్టుకోవాలి?

ఈ సాఫ్ట్‌వేరుకు ఒక గొప్ప గుణం ఉంది. దాని లోపలి రాత అంతా తెరిచే ఉంటుంది. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో రాస్తుంటారు, దిద్దుతుంటారు. నీకు తప్పు కనబడితే నువ్వే దిద్ది పంపు అంటారు. మాధవీలత ఏడు నెలలు దిద్దింది. రోజూ తెల్లవారి కొళాయి వచ్చేదాకా గంటన్నర, ఆదివారం పిల్ల నిద్రపోయినంతసేపు. చివరికి దొరికింది. వేగం కోసం కంపైలర్ ఒక అంకెను ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారుస్తోంది. డీబగ్గర్‌కు ఆ సంగతి తెలియడం లేదు. క్వార్టరు మారిపోయిన మనిషి కోసం పాత క్వార్టరు తలుపు కొట్టి, లోపల కనబడినవాడినే ఆ మనిషిగా రాసుకుపోతోంది. రెండింటినీ దిద్దడానికి రెండు వందల పద్నాలుగు వరుసలు పట్టింది.

పంపడం ఎలా? ఆమె ఇంట్లో ఈమెయిలు లేదు. అనిల్ కాలేజీలో ఉంది. రైల్వే కాలనీలో పచ్చడి జాడీ దగ్గర్నుంచి పెళ్లి కార్డు దాకా ఎలా పోతాయో ఫ్లాపీ కూడా అలాగే పోయింది. తిరుమలరావు చిన్నాన్న నూకరాజు గూడ్సు గార్డు. ఆయన తన పెట్టెలో పెట్టుకుని రాయపూర్‌లో ఇంకో గార్డుకు, ఆయన తిత్లాగఢ్‌లో మరో గార్డుకు, అలా చేతులు మారి విశాఖపట్నం చేరేది. అక్కణ్ణుంచి అమెరికాకు రెండు నిమిషాలు. జవాబు కాగితం మీద అచ్చయి, మళ్లీ అదే దారిన బిలాస్‌పూర్ వచ్చేది. ఒక్క మాటకు తొమ్మిది రోజులు. ముఖమైనా ఎరగని ఆ దూరపు మనుషులు ఆమె పనిని వరుస వరుసా చదివారు. రెండు చోట్ల ప్రశ్నలు వేశారు. ఒక చోట ఆమెదే తప్పన్నారు, ఆమె ఒప్పుకుంది. చివరికి, బాగుంది, తీసుకుంటాం, కానీ ఒక కాగితం కావాలన్నారు. ఉద్యోగం చేసేవాళ్లు రాస్తే, వాళ్ల ఆఫీసు రేపు వచ్చి ఇది మాది అని అడ్డం పడకుండా, ఈ పని మీద మాకు హక్కు లేదని ఆఫీసు సంతకం చెయ్యాలి. సెప్టెంబరు ముప్పైలోగా అందితే రాబోయే విడుదలలో చేరుతుంది.

ఆ ఫారం తెప్పించుకోవడంలోనే మాధవీలత పొరపాటు చేసింది. క్వార్టరుకు వచ్చే ఉత్తరాలన్నీ షెడ్డు డబ్బాలో పడతాయి. తిరుమలరావు పేరున్నవి తప్ప మిగతావి అక్కడే దుమ్ము తింటాయి. అందుకని ఆఫీసు చిరునామా ఇచ్చింది. ఆఫీసులో వచ్చిన ప్రతి కవరునూ తెరిచి ముద్ర కొడతారన్న సంగతి ఆలోచించలేదు. విదేశీ తపాలా బిళ్ల చూసి నాగభూషణం కంగారుపడి, తన మీదికి ఏమీ రాకుండా ముందు మెమో రాసి పడేశాడు. కవరులోని ఫారం తీరిగ్గా రెండు రోజుల తర్వాత చదివాడు. చదివాక ఆమెను గదిలోకి పిలిచాడు.

"కూర్చోండమ్మా. ఆ మెమో సంగతి మర్చిపోండి, వెనక్కి తీసుకుంటాను. నేనూ ఆడపిల్లలున్నవాణ్ణే."

"థాంక్యూ సార్. మరి ఆ ఫారం మీద సంతకం..."

"అక్కడికే వస్తున్నా. హక్కు వదులుకోండని అడుగుతున్నారంటే అందులో హక్కేదో ఉన్నట్టేగా? లేనిదాన్ని వదులుకోమని సముద్రం అవతల నుంచి ఎవరన్నా ఉత్తరం రాస్తారా?"

"అది లాంఛనం సార్. రేపెవరూ వచ్చి ఇది మాది అనకుండా."

"మనం అంటాం. ఎందుకనకూడదు? మన సెక్షన్లో తయారైన సాఫ్ట్‌వేరని హెడ్డాఫీసుకు నోట్ పెడతాను. పైన నా పేరు, కింద మీ పేరు. డిసెంబర్లో మీ కన్ఫర్మేషన్ కూడా ఉందిగా, అన్నీ కలిసొస్తాయి. మెమో ఒరిజినల్ శుక్రవారం తెచ్చివ్వండి, చింపేద్దాం."

"నేను ఇంట్లో చేశాను సార్. మీకు సంబంధం లేదని మీరే రాశారు."

"అప్పుడు తెలియలేదమ్మా."

ఏం తెలియలేదు? ఆ రెండు వందల పద్నాలుగు వరుసల్లో ఒక్క వరుస అర్థమైందా ఆయనకు? సోమవారం నేరమైన పని బుధవారానికి సెక్షన్ ఘనత ఎలా అయింది? మధ్యలో మారింది ఒకటే, ఇంకెవరో దాన్ని అడిగారు. పక్కపిల్ల అడిగేదాకా బొమ్మ వంక చూడని పసివాడి బుద్ధి. పసివాడికైతే రెండు మాటలు చెప్పి సర్దవచ్చు. ఈయన చేతిలో కలం ఉంది, ముద్ర ఉంది, డిసెంబరు ఉంది. ఆ కోపంతోనే ఆమె లూనా మీద ఇల్లు చేరింది.

అచ్చియమ్మ గడప దగ్గర మైత్రికి అన్నం పెడుతోంది. "ఏటే, మొగం అలాగెట్టేవు? ఆఫీసులో ఎవులేటన్నారు?"

మాధవీలత చెప్పింది. తిరుమలరావు షెడ్డు నుంచి వచ్చి, మసి చేతులు కడుక్కుంటూ విన్నాడు.

"అరే, ఛోడ్ దో. ఇచ్చీ ఆ కాగితం," అన్నాడు. "పేరు ఎవలిదైతే ఏటి? నౌకరీ పక్కా అయిపోద్ది."

"పేరు గురించి కాదండీ. హెడ్డాఫీసుకు పోతే బీరువాలో పడుతుంది. అమెరికా వాళ్లు తీసుకోలేరు. తప్పు తప్పులాగే ఉండిపోతుంది. ఇంకో ఊళ్లో ఇంకొకళ్లకి తప్పుడు అంకె చూపిస్తూనే ఉంటుంది."

"అచ్ఛా, దునియాలో పిల్లలందరి బరువూ సూసీ డ్యూటీ నీదేనా?"

"పిల్లని బియ్యం కాటా ఎక్కించిన నాడే అనుకున్నాను, ఇదేదో మీదికొచ్చీ యవ్వారమని," అంది అచ్చియమ్మ, మనవరాలి మూతి తుడుస్తూ.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి పోతూ నూకరాజు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో జెండాల చుట్ట. "కోడలా, ఇశాపట్నం ఉత్తరమేదే? బండి టైమైపోతంది."

"ఈసారి ఉత్తరం లేదు మావయ్యా. అంతా అయిపోయింది," అని మాధవీలత ఆయన చేతిలో మెమో పెట్టింది.

నూకరాజు కళ్లజోడు పెట్టుకుని, ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాడు. జరిగిందంతా ఆమె చేత చెప్పించుకున్నాడు. తర్వాత కాగితాన్ని వెలుతురుకు పట్టి ముద్ర చూశాడు.

"అమ్మీ, ముప్పై ఏళ్ల సర్వీసులో నానెన్ని మెమోలు దాసేనో తెల్సా? సిగ్నలు పాడైతే టేసన్ మాస్టరు డ్రైవరుకి మెమో రాసివ్వాల. ఆ కాగితం సేతిలో పడకుండా బండి కదల్దు. రేపేటైనా అయితే 'నానెల్లమన్లేదు' అని ఆడు తప్పించుకోకుండా. మెమో అంటే తిట్టు కాదే. ఎదుటోడి సేతిరాత!"

"ఇది వార్నింగు, మావయ్యా."

"పైన వార్నింగే. కింద సూడు. సంబందం లేదు, అక్కు లేదు, బాద్దెత లేదు. సంతకం, ముద్ర, తేదీ. ఆ దేసం దొరలడిగింది ఇదే గదా? ఇంకేటి గావాల?"

మాధవీలత కాగితం లాక్కుని మళ్లీ చదివింది. నిజమే. ఫారంలో అడిగిన ప్రతి మాటా అందులో ఉంది. భయంలో రాసిన మనిషి ఏ సందూ వదలకుండా రాశాడు.

"అందుకే సింపేత్తానంటన్నాడు," అన్నాడు నూకరాజు. "కానీ ఒకటాలోచించు. ఇది పనికి రావాలంటే నువ్వు ఒప్పుకోవాల, నేకపోతే ఆడు ఎనక్కి లాగేత్తాడు. ఒప్పుకుంటే నీ ఫైల్లో మచ్చ. ఆ మచ్చ ఎంతదో నీకే తెల్సు."

ఆమెకు తెలుసు. డిసెంబరులో ఆ ఫైలు తెరిచేది ఎవరో కూడా తెలుసు. తిరుమలరావు చెప్పులు వేసుకుంటున్నాడు. మైత్రి వచ్చి నూకరాజు ఎర్రజెండా లాగుతోంది. ఒక మంచి పనిని ఊరికే ఇవ్వడానికి తాను తప్పుచేసినదాన్నని రాసివ్వాలా? అలా రాయించే లోకంలోకా ఈ పిల్లను కన్నది? ఆ ప్రశ్న ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. కానీ ఒరిజినల్ తిరిగిచ్చి, నాగభూషణం నోట్ కింద తన పేరు చూసుకుని, రేపు ఈ పిల్లకు లెక్కలు చెప్పడానికి కూర్చోవడం ఊహించుకుంటే అది ఇంకా గట్టిగా గుచ్చుకుంది.

శుక్రవారం ఆమె మెమోకు జవాబు రాసింది. "మెమోలో పేర్కొన్న విషయాలన్నీ వాస్తవం. హెచ్చరికను అంగీకరిస్తున్నాను." ఇన్‌వర్డు గుమాస్తా చేత తన ప్రతి మీద ముద్ర వేయించుకుంది. వ్యాపార్ విహార్‌లో రెండింటికీ ఫొటోస్టాట్లు తీయించింది. అసలు కాగితాలు స్టేషను పక్క తపాలా ఆఫీసులో అమెరికాకు రిజిస్టరు చేసింది. నకళ్లు నూకరాజు పెట్టెలో విశాఖపట్నం పోతే, అనిల్ ఫాక్స్ చేశాడు.

ఇరవై ఎనిమిదో తారీఖున, ముగ్గురు గార్డుల చేతుల మీదుగా జవాబు వచ్చింది. అచ్చు కాగితం, అంచున టీ మరక. ఇలాంటి పత్రాలు చాలా ఆఫీసుల నుంచి చూశామనీ, మందలింపు రూపంలో రావడం ఇదే మొదటిసారనీ, ఇది సరిపోతుందనీ ఉంది. తిరుమలరావు విరగబడి నవ్వాడు. మాధవీలతకు నవ్వు రాలేదు. ఆమె ఆ కాగితాన్ని మెమో నకలుతో కలిపి, మైత్రి టీకాల కార్డున్న సంచిలో పెట్టింది.

డిసెంబరులో ఆకుపచ్చ ఫైలు మళ్లీ వచ్చింది. ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. కారణం, సర్వీసు ఫైలులోని హెచ్చరిక.

నాగభూషణం గదిలోంచి బయటికి వస్తూ ఆమె టేబులు దగ్గర ఆగాడు. "నేను చెప్పినప్పుడు విని ఉంటే ఈపాటికి ఒక్క సంతకంతో తేలిపోయేది. ఎందుకమ్మా ఇంత మొండితనం?"

"ఒక్క సంతకంతోనే తేలింది సార్. మీదే."

ఆయన ముందుకు నడిచాడు. ఏ సంతకమో తెలిసిందో లేదో. తెలిసినా అది ఇక చింపగలిగేది కాదు.

జనవరిలో అనిల్ పంపిన సీడీ నూకరాజు పెట్టెలో వచ్చింది. కొత్త విడుదల. మర్నాడు తెల్లవారి, కొళాయి రాకముందు, మాధవీలత పాత ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేసి, డీబగ్గర్లో పదకొండో నెల దగ్గర ఆపింది. ఎనిమిది కిలోల వంద. ఈసారి టీకాల కార్డు పక్కనే పెట్టుకుంది. సరిపోయింది. అయినా ప్రతి నెల దగ్గరా ఆపి, ఒక్కొక్కటీ కార్డుతో సరిచూసుకుంటూ పోయింది, వెనక అచ్చియమ్మ "ఏటే, నీలొచ్చీసేయి, బిందెలట్రా" అని కేకేసేదాకా.