వెల్డింగ్‌తో నెగ్గిన బ్రాకెట్టు

మా బావకి తప్పు ఒప్పుకోవడం చేతకాదు. యంత్రాలు తయారుచేసే కంపెనీలో డిజైన్ విభాగానికి ఆయన పెద్ద, మా అక్క ఆయన కింద ఉద్యోగి. ఇంట్లో కూడా అంతే అనుకుంటాడు మహానుభావుడు.

లోహపు భాగాలు ఒకదానికొకటి ఆనుకున్నచోట ఏం జరుగుతుందో కంప్యూటర్లో లెక్కకట్టడం అక్క పని. క్రేన్ బరువు మోసే బ్రాకెట్టును తేలిక చేయమన్నారు. అది బోల్టులతో ఒక పలకకి బిగుస్తుంది. బావ ఆ రెండూ అతుక్కుపోయినట్టు లెక్కలో పెట్టాడు. అలా పెడితే జవాబు చిటికెలో వస్తుంది. అతుక్కున్నవి విడిపోవు కాబట్టి అంతా భద్రంగానే కనిపించింది. బలానికి వేసిన అడ్డపట్టీ దండగని కంప్యూటర్ తేల్చింది, ఈయన తీయించేశాడు.

అక్క మళ్లీ లెక్క కట్టింది, ఈసారి రెండూ ఊరికే ఆనుకున్నట్టు. ఆ లెక్కలో బరువు పడగానే ఒకవైపు సందు తెరుచుకుంది. భారమంతా రెండో అంచు మీద పడి బ్రాకెట్టు వంగింది.

"నా మీద కక్షతో చేశావా ఇది?" అన్నాడు బావ.

"బ్రాకెట్టుకి మీరెవరో తెలీదండీ," అంది అక్క.

పరీక్షలో తేల్చుకుందామన్నాడు. బరువు వేలాడదీస్తే బ్రాకెట్టు చెక్కుచెదరలేదు. బావ అక్క వైపు చూసి నవ్వాడట. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అక్క వంగి చూసింది. బ్రాకెట్టుని పలకకి బోల్టులతో కాదు, వెల్డింగ్‌తో బిగించారు. కదలకుండా ఉంటుందని బావే చేయించాడు. లెక్కలో చేసిన తప్పే ఇనుములోనూ చేశాడు. మోసమో మూర్ఖత్వమో తెలియదు, రెండింటికీ తగిన మనిషే.

"వెల్డింగ్ కోయించి బోల్టులు వేయించండి."

"పాసయింది. తయారీకి పంపిస్తున్నా. ఇంక నోరు మూసుకో."

"పంపండి. మొదటి బరువు ఎత్తేటప్పుడు దాని కింద మీరు నిలబడండి. మీ పక్కన నేనూ నిలబడతా."

బావ బ్రాకెట్టుకి దూరంగా జరిగాడు. ఎవరూ చెప్పకుండానే అక్కడున్న వెల్డర్ కోత మిషను అందుకున్నాడు. బోల్టులు వేసి మళ్లీ బరువు వేలాడదీస్తే, అక్క చెప్పిన అంచు దగ్గరే బ్రాకెట్టు వంగిపోయింది. పట్టీ తిరిగి పెట్టారు.

సాయంత్రం ఇంటికొచ్చి, "అందరి ముందూ నన్ను చంపేశావు," అన్నాడట.

"వాళ్లంతా బతికున్నారు కదా," అంది అక్క.

ఆ రోజు నుంచి ఆయన అక్కతో మాట్లాడటం లేదు. అక్కకి సర్దిచెప్పమని అమ్మ నా వెంట పడుతోంది. నేను చెప్పను.