కుడిచేతికి మారిన సూది

మా పెద్దమ్మ ముప్ఫై ఏళ్లుగా విశ్వవిద్యాలయంలో బొమ్మల గదికి కాపలా. కాపలా అంటే ఆవిడకు ఒళ్లుమంట, స్టోర్ కీపర్ అనాలి. అక్కడి పన్నెండు వందల చిత్రాల్లో ఏది ఏ బీరువా వెనక ఉందో ఆవిడకు కంఠతా వచ్చు. చెప్పులు ఎక్కడ విడిచానో కూడా నాకు గుర్తుండదు కాబట్టి, ఈ విషయంలో నాకు ఆవిడ పోలిక రాలేదు.

ఆ చిత్రాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టే పని నాకిచ్చారు. గదిలో అడుగుపెడితే తుమ్ములు. అందుకని బద్ధకించి, ఎప్పుడో తీసిన స్లైడ్లనే స్కాన్ చేసి ఎక్కించేశాను. స్లైడు తిరగబడినట్టు అనిపిస్తే మీట నొక్కి కుడిఎడమలు మార్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఒకరోజు డెబ్భై ఏళ్లావిడ ఫోన్ చేస్తే పెద్దమ్మ తీసింది. వాళ్లమ్మ ఒకప్పుడు ఇక్కడి విద్యార్థులు బొమ్మ గీయడానికి ఎదురుగా కూర్చునేదట. తనకు నాలుగేళ్లప్పుడే అమ్మ పోయిందట. ఇంట్లో ఒక్క ఫోటో లేదు, మొహం గుర్తులేదు. ఎడమ చేత్తో కుట్టేదని మాత్రం నాన్న చెప్పేవాడట. మా సైట్లో అమ్మ పేరు కొడితే ఏమీ రాలేదు. కుట్టుపని చేసే ఆడవాళ్లు నలుగురు కనిపించారు కానీ, నలుగురిదీ కుడిచెయ్యే.

పెద్దమ్మ ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది.

"కిటికీ దగ్గర కూర్చుని కుట్టే ఆవిడది ఎడమచేతి వాటం కదే. నీ కంప్యూటర్లో కుడిచెయ్యి ఎలా అయింది?"

సూది ఎడమ చేతిలో కనబడేసరికి స్లైడే తప్పనుకుని తిప్పేశాను. ఆ కూతురికి మిగిలిన ఒకే ఒక్క ఆనవాలును చెరిపేసి, తీరిగ్గా టీ తాగడానికి వెళ్లిన ఘనత నాది. సిగ్గుతో చచ్చిపోయాను.

పెద్దమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నిచ్చెనెక్కి పటం దించి వెనక్కి తిప్పింది. అట్ట మీద పెన్సిల్‌తో రాసిన పేరు, ఫోన్లో విన్న పేరు ఒక్కటే. తుమ్ముకుంటూనే కొత్త ఫోటో తీసి, పేరు చేర్చి ఎక్కించాను. ఆవిడకు ఫోన్ చేసి చూడమన్నాం.

అటునుంచి మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"మా అమ్మ ఇంత చిన్నపిల్లా అండీ?" అందావిడ మెల్లగా. "నా మనవరాలంత ఉంది."

పెద్దమ్మ ఫోన్ నా చేతిలో పెట్టేసి మొహం పక్కకు తిప్పుకుంది. చూడండమ్మా, కావలసినంతసేపు చూసుకోండి అన్నాను.