రత్నం సంతకం

నా భార్య పోయి ఏడు నెలలైంది. ఆమెకు చెప్పవలసిన మాట ఒకటి పన్నెండేళ్లుగా మోస్తున్నాను. ఆమె ఉన్నన్నాళ్లూ, రేపు చెబుదాంలే అనుకుంటే కొంచెం తేలికయ్యేది. ఇప్పుడు ఆ రేపు కూడా లేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

ఆమెను రత్నం అంటాను. అసలు పేరు అది కాదు.

మాది చిత్తూరు. పంతొమ్మిదేళ్లప్పుడు మలేషియా వెళ్లాను. అక్కడ మా చిన్నాయన ఒక కొబ్బరితోట పక్కన అంగడి నడిపేవాడు. రత్నం ఆ తోటలోనే పుట్టింది. వాళ్ల తాతలు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వెళ్లిన కూలీలు. మాకు పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది. పౌరసత్వం లేదు గాని ఇద్దరికీ ఎర్ర కార్డులుండేవి. ఆ కార్డు ఉంటే ఆ దేశంలో శాశ్వతంగా ఉండొచ్చు. చిన్నాయన పోయాక అంగడి మూతపడింది. డెబ్బైల నడుమ చిత్తూరుకు తిరిగొచ్చి, బస్టాండు దగ్గర కాఫీ గింజలు వేయించి పొడి కొట్టే అంగడి పెట్టాను.

రత్నానికి ఇక్కడ పొసగలేదు. ఆమె 'ఎల్తాను' అంటే, ఇంటికొచ్చిన వాళ్ల ముందు మా అక్క అదే మాట సాగదీసి అని నవ్వేది. నేను వినేవాణ్ణి. ఒక్కసారీ అక్కను ఆపలేదు. రత్నం ఏడ్చేది కాదు. అమ్మ దగ్గర కొన్నాళ్లుండి వస్తానని మాత్రం అనేది. ఏడాదిలోగా తిరిగి వెళ్లకపోతే ఎర్ర కార్డు చెల్లదు. గడువు పెంచమని అడగొచ్చు. అడిగావా, అడిగావా అని వారానికోసారి గుర్తుచేసేది.

నాకు భయం పట్టుకుంది. వెళితే తిరిగొస్తుందా? కూతుర్ని కూడా తీసుకుపోతే? ఇక వెళ్లేది లేదని నా కార్డు నేను అప్పటికే ఇచ్చేశాను. ఆమె రానంటే నేను చేసేదేముంది? ఇది కారణమా, సాకా? ఇన్నేళ్లు ఆలోచించినా తేలలేదు. ఆమె నా దగ్గరే ఉండాలని కోరుకున్నాను, అది నిజం. కానీ ఉండాలనిపించేలా చూసుకోవడం ఒక దారి, పోలేకుండా చేయడం ఇంకో దారి. రెండోది సులభం. నేను సులభమైనది చేశాను.

మద్రాసులో ఉన్న మలేషియా వాళ్ల కార్యాలయం నుంచి కాగితం తెచ్చాను. గడువు పెంచమని అడిగేది వేరు, కార్డు వద్దని తిరిగిచ్చేది వేరు. రెండూ ఇంగ్లీషులోనే ఉంటాయి. రత్నానికి ఇంగ్లీషు రాదు. నేను తెచ్చింది రెండోది.

రత్నం అంగట్లో కాఫీ పొడి జల్లిస్తోంది. కాగితం మాయకుండా చేతులు చీరకు రెండుసార్లు తుడుచుకుంది.

"ఇదేటి?"

"గడువు పెంచేదానికి. ఈడ పెట్టు."

"ఇదుంటే ఎప్పుడైనా ఎల్లొచ్చు కదా? అమ్మని సూసి రావొచ్చు కదా?"

"ఎప్పుడైనా పోవచ్చు. నేనే పిలుసుకోని పోతా."

ఆమె నవ్వింది. చిత్తూరు వచ్చాక నా వైపు చూసి అలా నవ్వడం అదే మొదలు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తెలుగులో సంతకం పెట్టి, సిరా ఆరడానికి ఊదింది.

కాగితమూ కార్డూ మద్రాసులో ఇచ్చి వచ్చాను. నెల గడిచాక, వాళ్లు నీ కార్డు కొట్టేశారని చెప్పాను. "నానేటి తప్పు సేసినాను?" అంది. నన్ను కాదు అడిగింది. తాను పుట్టిన నేలను అడిగింది.

అక్కడితో ఆగి ఉంటే ఒక పాపమే అయ్యేది.

మూడేళ్లకు ఆమె అన్న దగ్గర్నుంచి తంతి వచ్చింది. అమ్మకు ప్రాణం మీదికొచ్చింది. కార్డు లేకపోయినా చుట్టపుచూపుగా వెళ్లడానికి వీసా అడగొచ్చు. కానీ అడిగితే ఆమెను ఆ కార్యాలయానికి తీసుకెళ్లాలి. అక్కడ పాత కాగితం తీస్తే? కార్డు వద్దన్నది మీరే కదమ్మా, ఇదిగో మీ సంతకం, అని చూపిస్తే? ముందు నేనొక్కణ్ణే వెళ్లి కనుక్కొస్తానన్నాను. మద్రాసు అని చెప్పి రేణిగుంటలో దిగిపోయాను. స్టేషన్లో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. మద్రాసు బండ్లు వచ్చాయి, పోయాయి. ఎక్కలేదు. ఇంటికొచ్చి, వీసా ఇచ్చేది లేదన్నారని చెప్పాను.

"నువ్వేటి సేస్తావులే" అని, దారిలో ఏమన్నా తిన్నావా అని అడిగింది.

తంతి వచ్చిన పదకొండో రోజు వాళ్లమ్మ పోయింది.

ఆ తర్వాత రత్నం అక్కడి ఊసెత్తలేదు. కూతురితో అప్పుడప్పుడు మాట్లాడే మలయ్ మాటలు కూడా మానేసింది. బడిలో అమ్మ పుట్టిన ఊరు రాయమన్నారని ఆ పిల్ల అడిగితే, చిత్తూరని రాసుకోమంది. నేను అక్కడే ఉన్నాను. పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

చివరికి రత్నం మూత్రపిండాలు చెడి, తిరుపతి ఆస్పత్రిలో పద్దెనిమిది రోజులుంది. మాట స్పష్టంగానే ఉండేది. ఒక మధ్యాహ్నం, "నీ ఎర్ర కార్డు..." అని మొదలుపెట్టాను. గోడ వైపు తిరిగి, "వొద్దన్నోళ్ల ఊసు మనకెందుకు" అంది. వద్దన్నది వాళ్లు కాదని చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. డాక్టరు రాలేదు, ఎవరూ అడ్డుపడలేదు. బత్తాయి ఒలిచి ఇవ్వమంటావా అని అడిగాను.

ఎందుకు చెప్పలేదు? ఆమె ఏమంటుందోననా? అంతకంటే, ఏమీ అనకుండా చూస్తుందేమోనని. నన్ను మంచివాడనుకుంటూనే పోయింది. అది నాకు దక్కిందనుకోవాలో, ఆమె దగ్గర దొంగిలించాననుకోవాలో తెలియడం లేదు.

కూతురికి చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వను, నా మాట విలువెంతో నాకు తెలుసు. క్షమించమనీ అడగను. క్షమించగలిగిన మనిషి లేదు.

రత్నం కార్డును ఏ ప్రభుత్వమూ కొట్టేయలేదు. ఆమె చేత సంతకం పెట్టించి, ఆమె దేశాన్ని నేనే తిరిగిచ్చేశాను. ఈ ముక్క రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. నా గొంతులో నిజం ఎలా ఉంటుందో ఇన్నాళ్లకు విన్నాను.