ఆకుపచ్చ గాజుముక్క

మధ్యాహ్నం మూడు కాగానే విజయసారథి తడిగుడ్డతో వసారా గచ్చు తుడుస్తాడు. భార్య కనకలక్ష్మి అక్కడ తెల్లరంగుతో వేసుకున్న అష్టాచెమ్మా గళ్లు చెరక్కుండా మెల్లగా తుడుస్తాడు. ఆవిడ పోయి రెండు నెలలైంది. తెనాలి వచ్చిన కొత్తలోనే ముగ్గురు స్నేహితురాళ్లను పోగేసి ఆ ఆట మొదలుపెట్టింది. వాళ్లు వచ్చే వేళకి ఈయన పేపరు పట్టుకుని లోపలి గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. ఆటలో ఉన్నట్టుండి ఆవిడ వీధి చివరిదాకా వినపడేలా నవ్వేది. "ఏంటే ఆ గోల!" అని ఈయన కేకేసేవాడు.

నిన్న ఆ ముగ్గురూ వచ్చారు. "నాలుగో మనిషి లేక ఆట ఆగిపోయిందన్నయ్యగారూ, మీరు కూర్చోండి," అంది పక్కింటి అబీదా. ఆయన కూర్చున్నాడు. కనకలక్ష్మి ఆడిన చివరి ఆటలో కాయలు ఎక్కడెక్కడున్నాయో గుర్తుచేసుకుని అబీదా వాటిని అలాగే సర్దింది. కనకలక్ష్మి కాయలంటే విరిగిన ఆకుపచ్చ గాజుముక్కలు. ఆయన గవ్వలు వేశాడు. నాలుగూ బోర్లా పడ్డాయి.

"అష్టా! ఎనిమిది గళ్లకి నా కాయ చచ్చిందండీ. ఇలా పడితే వదిన ఎంత నవ్వేదో!" అంది అబీదా.

ఆ నవ్వు దేనికో ఆయనకి ఇప్పుడు తెలిసింది. గాజుముక్క పట్టుకుని గళ్లకేసి చూశాడు. రోజూ తుడిచే గళ్లే.

"ఎటు నడపాలమ్మా?" అని అడిగాడు.