ఇసోగాయ్ గారి తెల్ల రుమాలు

ఇసోగాయ్ గారికి చలికాలం మొదట్లో ఒక పిచ్చి పట్టుకుంది. ఎవరు పొగ తాగుతున్నా సరే, వాళ్ల మూతి ముందు తెల్ల రుమాలు పట్టి, "ఒక్కసారి ఇందులో ఊదండి బాబూ!" అనేవారు.

జపాన్‌లోని నగోయాలో, ఆయన రోజూ వెళ్లే హరుయో గారి కాఫీ హోటలుకి పొద్దున్నే వచ్చేవాళ్లంతా పొగరాయుళ్లే. కాఫీతో పాటు ఊరికే ఇచ్చే రొట్టె, ఉడికించిన గుడ్డు తింటూ గుప్పుగుప్పున వదిలేవారు. సిగరెట్ మానేసి, పొగాకును కాల్చకుండా వేడిచేసే గొట్టానికి మారినవాళ్లయితే మరీ మిడిసిపడేవారు.

"ఇది పొగ కాదండీ, ఆవిరి! మీ రుమాలుకి ఇక్కడ పనిలేదు," అన్నాడు టాక్సీ నడిపే కజిత.

"అయితే ఊదడానికేం భయం?"

కజిత ఊదాడు. రుమాల్లో అంతకుముందు ఎవరో సిగరెట్ పొగ ఊదిన మూల టీ డికాక్షన్ ఒలికినట్టుంది. కజిత మూల లేత పసుపు.

"చూశారా, ఎంత తక్కువో!"

"తక్కువే, కాదన్నానా? కానీ తెల్లగా లేదుగా! మీరు తాగగా మిగిలింది పక్కవాళ్లకి పెడుతున్నారు."

తమాషా ఏమిటంటే, ఆయన జేబులోనూ అలాంటి గొట్టమే ఉండేది. తాగాలనిపిస్తే చలిలో వీధి చివరికి పోయి, తన రుమాల్లో తానే ఊదుకుని, తనకు తానే చీవాట్లు పెట్టుకుని వచ్చేవారు. ఒకసారి హరుయో గారి అన్నం కుక్కరుకీ రుమాలు పట్టి, "ఇది పాసైంది," అన్నారు గంభీరంగా.

నవ్వుకున్నన్నాళ్లు బాగానే ఉంది. కజిత రావడం మానేసేసరికి హరుయో గారి గుండె గుభేలుమంది. భర్త పోయాక ఆ హోటలే ఆవిడకి ఆధారం.

"మీకో దండం, ఇసోగాయ్ గారూ! రుమాలు ఇంట్లో పెట్టి రండి, లేదా మీరే ఇంట్లో ఉండండి!"

ఆయన రుమాలు మడిచి, తలవంచి వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు. కజిత మాత్రం వచ్చి దర్జాగా ఆవిరి వదిలాడు.

వడ్డించే మియో వంటింట్లోకొచ్చి కళ్లు తుడుచుకుంది. "ఇసోగాయ్ గారిని పిలవండమ్మా, తప్పు నాది," అంటూ సంచిలోంచి గులాబీరంగు బిళ్ల తీసింది. కడుపుతో ఉన్నవాళ్లు బస్సులో సీటు కోసం తగిలించుకునే బిళ్ల అది.

"పని పోతుందని భయమేసి, హోటలు రాగానే తీసేసేదాన్ని. బస్సులో ఆయన చూశారు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. 'చెప్పను, నా తిప్పలేవో నేను పడతా' అన్నారు. మర్నాటి నుంచే రుమాలు!"

"పిచ్చిపిల్లా! ఇలాంటి చల్లని కబురుకి పనిలోంచి తీసేస్తానా?" అంటూ హరుయో గారు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వీధి చివరికి పరిగెత్తింది. ఇసోగాయ్ గారు అక్కడే వణుకుతూ నిలబడి ఉన్నారు.

"నాతోనైనా చెప్పకూడదా?"

"మాటిచ్చాను కదండీ. అయినా ఆ పిల్లని తిట్టుకునే బదులు ఈ ముసలాణ్ణి తిట్టుకుంటారు, పోయిందేముంది?"

ఆవిడకి కళ్లు చెమర్చాయి. ఆ రోజే "లోపల పొగా వద్దు, ఆవిరీ వద్దు" అని బోర్డు పెట్టింది. గుండె దిటవు చేసుకుని కజిత వైపు చూసింది.

"మా ఆవిడ ఎటూ బాల్కనీలోకే తరుముతుంది. ఇక్కడా అంతే అనుకుంటాలెండి. గుడ్డు మాత్రం మానకండి," అన్నాడు కజిత.

ఎండలు ముదిరేనాటికి మియోకి ఆడపిల్ల పుట్టింది. ఇసోగాయ్ గారు పాపాయి మూతి తుడవడానికి మెత్తటి రుమాళ్ల కట్ట తెచ్చారు. మియో ఒకటి విప్పి, వెలుగుకి ఎత్తి, మూలమూలా పరీక్షగా చూడసాగింది.

"కంగారు పడకమ్మా," అన్నారాయన. "ఇవి ఎవరూ ఊదనివే."