అప్పగింతల బాణీ

ఈమధ్య మా మేనమామ మనవరాలు ఫోన్ చేసింది. వాళ్ల తాత గురించి నెట్‌లోని ఒక విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం పెడితే, పెట్టిన కొద్ది రోజులకే తీసేశారట. "తాతకు అంత ప్రాముఖ్యత లేదంటున్నరు మామయ్యా. ఆధారాలు కావాలంట. నువ్వు కండ్లార చూసినవు కదా, నువ్వు రాసిస్తే ఒప్పుకుంటరేమో" అంది. నవ్వొచ్చింది, వెనకే నీరసమూ వచ్చింది. ఈ మాటలే, ఇంచుమించు ఇదే వరసలో, డెబ్బైల్లో ఒకసారి విని ఉన్నాను. అప్పుడు బల్లకు అవతల ఒక మనిషైనా ఉండేవాడు, కాదని చెప్పేముందు చాయ్ తెప్పించేవాడు.

మా మామకు ఫలక్‌నుమాలో రేకు పెట్టెలు చేసే చిన్న కార్ఖానా ఉండేది. పెళ్లిళ్ల రోజుల్లో మాత్రం ఆయన బ్యాండు మాస్టరు. జరీ పట్టీల ఎర్రకోటు తొడుక్కుని క్లారినెట్ ఊదేవాడు. పెళ్లికూతురు బట్టలు సర్దుకుని తీసుకెళ్లే పెట్టె, ఆమెను సాగనంపే పాట మా మామ దగ్గర ఒక్కచోటే దొరుకుతాయని ఉప్పుగూడలో హాస్యమాడేవారు. ఆ పెట్టెల మూత మీద ఆయన వేసే గులాబీ పువ్వు ఎందుకో ఎప్పుడూ క్యాబేజీలా ఉండేది. ఎవరైనా అంటే మాత్రం రెండు రోజులు మాట్లాడేవాడు కాదు.

మా చెల్లెలి పెళ్లిలో అప్పగింతల వేళ బ్యాండువాళ్లు అలవాటు కొద్దీ గుర్రపు డెక్కల తాళంతో హుషారుగా సాగే సినిమా టాంగా పాట ఎత్తుకున్నారు. మా అమ్మ ఏదో చెప్పబోయింది, డప్పుల మోతలో ఒక్క ముక్క వినిపించలేదు, కారు కదిలిపోయింది. మామ ఇంటికొచ్చి ఎర్రకోటు విప్పకుండానే గోడకు చేరగిలబడ్డాడు. "అక్క ఏడుస్తుంటే టాంగా పాట గొట్టినం. మనుషులమేనా మనం?" అన్నాడు. అప్పటికి నాకు ఉద్యోగం లేదు గనక ఆ తర్వాత చాలా రోజులు కార్ఖానాలోనే కూర్చున్నాను. రేకు మీద సుత్తి వేస్తూ, ఆపుతూ, కూనిరాగం తీస్తూ, బాగాలేదని తన్ను తానే తిట్టుకుంటూ ఆయన ఒక కొత్త బాణీ కట్టడం చూశాను. దాని నడుమ ఒకచోట బ్యాండు బ్యాండంతా ఆగిపోవాలి. ఆ ఆగడమే ఆయన అన్నిటికంటే గట్టిగా నేర్పించాడు. "గీడ ఎవ్వరు చప్పుడు చెయ్యొద్దు. తల్లికి బిడ్డతోని చెప్పుకునే మాట ఉంటది. గది అయినంకనే డప్పు ఎత్తుకోవాలె, నిమ్మళంగ" అనేవాడు. కొన్నేళ్లకు సంతోష్‌నగర్ దాకా ఏ పెళ్లి జరిగినా అప్పగింతలకు అదే బాణీ, అదే చోట అదే ఆగడం.

ఈలోగా నాకు విజ్ఞాన సర్వస్వం తయారుచేసే ఒక కార్యాలయంలో కొలువు దొరికింది. రోజూ ఉప్పుగూడలో ప్యాసింజరు ఎక్కి కాచిగూడలో దిగేవాడిని. సంగీతకారుల సంపుటం మొదలైందని తెలియగానే మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఇంటికొచ్చాడు. "పెండ్లిల మమ్ముల ఆఖరి బంతిల కూసోబెడ్తరు అల్లుడా. నీ బుక్కులనన్న నడుమ కూసోబెట్టు" అన్నాడు. ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

మా సంపాదకుడు మంచివాడు, అదే చిక్కు. అచ్చయిన పుస్తకమో, గ్రామఫోను రికార్డో, రేడియో కచేరీయో, ఏదో ఒకటి చూపించమన్నాడు. మామ దగ్గర ఏదీ లేదు. బయటి సాక్షులైనా చాలన్నాడు గదా అని మామను వెంటబెట్టుకుని ఒక పెద్ద బ్యాండు మాస్టరు దగ్గరకు వెళ్లాను. ఆయన బాణీ వింటూనే తల ఊపి, "అరే భాయ్, యే తో హమారే దాదా కే జమానే కా హై" అన్నాడు. తన తాతల కాలం నాటిదట! ఆయనది అబద్ధం కాదు, నిజంగానే అలా నమ్మాడు. బాణీ అంతగా ఊరిదైపోయింది. తిరిగొస్తుంటే మామ, "వీని కొడుక్కు నేర్పిందే నేను" అని దారి పొడుగునా గొణుక్కున్నాడు. నేను చూశానని చెబితే సంపాదకుడు, "మేనల్లుడి సాక్ష్యం చెల్లదయ్యా" అన్నాడు.

ఆ సంపాదకుడి కూతురి పెళ్లి సంతోష్‌నగర్‌లో జరిగింది. బ్యాండు నేనే కుదిర్చాను. మామకు అప్పటికే ఆయాసం, అయినా క్లారినెట్ ఎవరికీ ఇవ్వలేదు. బాణీ సగంలో ఆగింది. వీధంతా నిశ్శబ్దం. ప్రతి మాటకూ ఆధారం అడిగే ఆ పెద్దమనిషి కూతురి తల పట్టుకుని, "జాగ్రత్తమ్మా" అన్న ఒక్క మాట అనలేక అనలేక అని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నాకూ కళ్లు నిండాయి. ఇంకేం కావాలి, పని అయిపోయినట్టే అనుకున్నాను.

సోమవారం ఆయన పిలిచి చాయ్ తెప్పించాడు. "ఆ బాణీ మీ మామదేనని నేను నమ్ముతున్నాను. కానీ నమ్మకాన్ని అచ్చు వేయలేం" అన్నాడు. జానపద సంగీతం వ్యాసంలో ఒక వాక్యం చేర్చమన్నాడు. చేర్చాను. 'హైదరాబాదు పాతనగరంలో అప్పగింతల వేళ వాయించే ఒక బాణీ ప్రసిద్ధం. కర్త తెలియదు.'

మామకు చెప్పక తప్పలేదు. పెట్టెకు గొళ్లెం బిగిస్తూ విన్నాడు.

"సారు ఏడ్సిండా, లేదా?"

"ఏడ్చాడు మామా."

"మరి రాయనీకె ఏమైంది?"

ఆ మాట ఆయన మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని, నాలుగు తిట్టినా బాగుండేదని చాలాసార్లు అనిపించింది.

మనవరాలు అడిగింది గదా అని చూసిందంతా రాసి పంపాను. నిన్న మళ్లీ ఫోన్ చేసింది. దగ్గరి చుట్టాల మాట పనికిరాదన్నారట. సరేనమ్మా అన్నాను. ఆ సంపాదకుడు లేడు, ఆ బ్యాండు మాస్టరు లేడు, మా అమ్మా చెల్లెలూ లేరు. కాలం సాక్షులందరినీ ఒక్కొక్కరుగా తీసుకుపోయి, చెల్లని సాక్షిని ఒక్కణ్ణే మిగిల్చింది.